ఒళ్లో పెడతానన్న మాట

మా పిల్లల వార్డులో పెద్ద నర్సుని ఉష్షక్క అంటాం. అసలు పేరొకటి ఉందని మాకు ఎప్పుడో గానీ గుర్తురాదు. గది తలుపు ఎవరు తీసినా పెదాల మీద వేలు పెట్టి "ఉష్" అనడమే ఆమె పలకరింపు. పెద్ద డాక్టరుకీ అదే, నేల తుడిచే ఆయాకీ అదే. ఒకసారి ఫ్యాను బాగుచేయడానికి వచ్చినవాడు నిచ్చెనని దభీమని గోడకి ఆనించాడు. వాడికి ఉష్‌తో పాటు ఒక చూపు కూడా దక్కింది. ఆ తర్వాత వాడు మా వరండాలోకి వస్తే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాడు.

నాదేమో పుట్టుకతోనే పెద్ద గొంతు. నేను పుట్టినప్పుడు పక్కింటివాళ్లు కూడా నిద్ర లేచారని మా అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది. అలాంటిదాన్ని ఏరి కోరి ఉష్షక్క గదిలో నర్సు డ్యూటీ వేశారు. వేసిన మహానుభావుడెవరో గానీ వాడికి హాస్యం బాగా తెలుసు. మొదటిరోజు లోపలికి వస్తూనే "గుడ్ మార్నింగ్ అక్కా!" అన్నాను. ఆమె నా రెక్క పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"చేపల బజారనుకున్నావా?" అంది. అదీ గుసగుసగానే. "ఇక్కడున్న పిల్లలందరికీ తలలో ఒత్తిడి ఎక్కువ. పుర్రె సాగదు. లోపల మెదడు వాచినా, నీళ్లు చేరినా, గడ్డ పెరిగినా అంతా ఆ కాస్త చోటులోనే ఇరుక్కోవాలి. పిల్లాడు ఏడిస్తే ఒత్తిడి పెరుగుతుంది, దగ్గితే పెరుగుతుంది, మెడ పక్కకి వాలితే పెరుగుతుంది. నీ గుడ్ మార్నింగ్‌కి ఉలిక్కిపడ్డాడనుకో, దానికీ పెరుగుతుంది. అరుచుకోవాలనుంటే గేటు బయటికెళ్లి అరుచుకో."

ఆ రోజు నుంచి నా పేరు లౌడ్‌స్పీకర్ అయింది. కోపమొచ్చింది నాకు, ఎందుకు రాదు? వారం రోజులు ముఖం మాడ్చుకునే తిరిగాను. కానీ ఆ గదిలో ఆమె చేతులు చూస్తూ ఉంటే కోపం ఎక్కువకాలం నిలిచేది కాదు. ట్రాలీ చక్రాలు కిర్రుమనకుండా తన తలనూనె తెచ్చి పోసేది. తలుపు గడియకి గుడ్డ చుట్టింది. మంచం తలవైపు ఎంత ఎత్తులో ఉండాలో చూసుకుని, పిల్లాడి ముక్కు సూటిగా ఉండేట్టు తలకి అటూ ఇటూ తువ్వాలు చుట్టలు పెట్టేది. సూది, స్నానం, పక్కబట్ట మార్చడం, అన్నీ ఒకేసారి చేసేస్తే మనకి పని తీరిపోతుంది గానీ పిల్లాడు తట్టుకోలేడని, ఒకటి చేసి వాడికి కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇచ్చి ఇంకోటి చేసేది. కంటిపాప ఎలా ఉందో చూడటానికి టార్చి వేసే ముందు చెవి దగ్గరికి వంగి "వెలుతురొస్తోందిరా నాన్నా" అని చెప్పేది. ఒంటిమీద తెలివి లేని పిల్లలకి కూడా అలాగే చెప్పేది. నేనోసారి నవ్వాను. "వాడికి వినబడదని నీకెవరు చెప్పారు?" అంది.

ఆమె మొగుడు సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్ కొట్టి ఇంటికొస్తాడు, ఈమె రోజంతా ఉష్ అని వస్తుంది. "ఆవిడ చెప్పేది నాకు వినబడదు, నేను చెప్పేది ఆవిడ వినదు. అందుకే కాపురం పోట్లాట లేకుండా సాగిపోతోంది" అంటాడాయన. కూతురు చిన్నప్పుడు నిద్రలో ఒక పక్కకి తిరిగి పడుకుంటే చాలు, ఈమె లేచి దాని ముక్కు పైకప్పు వైపు తిప్పేదట. "మా అమ్మ పక్కన పడుకుంటే పరేడులో పడుకున్నట్టుండేది" అని ఆ పిల్ల ఇప్పటికీ తల్లిని ఏడిపిస్తుంది.

ఇంత నెమ్మదైన మనిషి డాక్టర్లతో పేచీ పెట్టుకునేది ఒక్క విషయంలోనే. పిల్లాడి పరిస్థితి కాస్త నిలకడగా ఉంటే చాలు, "సార్, ఇవాళ ఒళ్లో పెడదాం" అంటుంది. చిన్న పనేం కాదది. తల్లిని మంచం మీద వెనక్కి ఆనించి కూర్చోబెట్టాలి. తలలోంచి నీళ్లు తీసే ట్యూబు ముందు మూసేయాలి. ఇద్దరు నర్సులం కలిసి తలా మెడా నడుమూ ఒకే వరసలో ఉండేట్టు పిల్లాణ్ణి ఎత్తి తల్లి గుండెల మీద ఆనించాలి. మట్టం చూసుకుని ట్యూబు మళ్లీ తెరవాలి. ఆ ఉన్నంతసేపూ కళ్లు పక్కకి తిప్పకుండా కాపలా కాయాలి. తలనొప్పి పని కదా, "రేపు చూద్దాంలే సిస్టర్" అంటారు డాక్టర్లు. రేపు అన్న మాట ఆమె దగ్గర అనకూడదు. "ఇవాళ వద్దంటే ఎందుకు వద్దో చెప్పండి సార్. రేపని మాత్రం అనకండి" అని అక్కడే నిలబడిపోతుంది. కొత్త డాక్టర్లు ఈవిడకి మొండితనమని విసుక్కుంటారు. మొండితనం కాదు. అదెక్కడ మొదలైందో నేను కళ్లారా చూశాను.

కొన్నేళ్ల కిందట మా గదికి నాలుగేళ్ల పిల్లాడొకడు వచ్చాడు. గుండ్రటి తల, ఉబ్బు బుగ్గలు. వాళ్లమ్మ వాణ్ణి బుడంకాయ్ అని పిలిచేది, మేమూ అదే అన్నాం. పొద్దున్నే తలనొప్పని ఏడవడం, భళ్లున వాంతి చేసుకోవడం, నడుస్తూ నడుస్తూ పక్కకి తూలడం. అజీర్తి అనుకుని ఊళ్లో మందులన్నీ మింగించారు. చివరికి స్కాన్ తీస్తే తల వెనకభాగంలో గడ్డ బయటపడింది. అది నీళ్లు దిగే దారికి అడ్డంపడి లోపల ఒత్తిడి పెంచేస్తోంది. వెంటనే తలకి సన్నటి ట్యూబు పెట్టారు. నీళ్లు ఆ ట్యూబులోంచి చుక్కచుక్కగా స్టాండుకి కట్టిన సంచిలోకి దిగాలి. సంచి ఎంత ఎత్తులో కట్టాలన్నది పిల్లాడి చెవి మట్టాన్ని బట్టి ఉంటుంది. తెరిచిన ట్యూబుతో పిల్లాణ్ణి పైకి లేపితే నీళ్లు ఒక్కసారిగా కారిపోతాయి, ప్రాణం మీదకొస్తుంది. వాపు తగ్గి కాస్త తేరుకుంటే గడ్డ తీస్తామన్నారు. అందాకా వాణ్ణి కదలకుండా, ఏడవకుండా కాపాడాలి. నాలుగేళ్ల పిల్లాణ్ణి! దానికంటే సముద్రాన్ని కదలకుండా కూర్చోమనడం తేలిక.

వాళ్లమ్మ బట్టలు ఇస్త్రీ చేసేది. వీధి మలుపులో బల్ల వేసుకుని, కుడిచేత్తో ఇస్త్రీపెట్టె తోస్తూ, ఎడమ చంకలో వీణ్ణి వేసుకుని పనిచేసేదట. వాడు పుట్టింది మొదలు ఆ చంకలోనే పెరిగాడు. నడక వచ్చాక కూడా కాళ్లతో పనేముందన్నట్టు అక్కడే ఉండేవాడు. "నా నడుం ఒకవైపు ఒంగిపోయిందక్కా వీడి వల్ల" అని నవ్వుతూ చెప్పింది మాకు. నిజంగానే ఆమె నిలబడితే కాస్త పక్కకి వాలినట్టుండేది, చంక ఖాళీగా ఉన్నా సరే.

మొదటిరోజు వాడు కళ్లు తెరిచి తల్లిని చూడగానే రెండు చేతులూ చాపాడు.

"అమ్మా, ఎత్తుకో."

ఆమె వంగింది. ఉష్షక్క గబుక్కున వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

"వద్దమ్మా."

"ఏడుస్తున్నాడక్కా."

"ఏడవకుండా చూద్దాం. ఎత్తుకోవడం మాత్రం వద్దు. తలలో ట్యూబుంది."

"ఏడ్చే పిల్లాణ్ణి ఎత్తుకోకుండా ఉండటం ఏ తల్లి వల్లవుతుందక్కా?"

"నీ వల్లవుతుంది" అంది ఉష్షక్క. "వీడు బతకాలి కదా. నీ వల్లే అవుతుంది."

అని ఊరుకోలేదు. ఆమె చెయ్యి తీసుకెళ్లి పిల్లాడి మడమ కింద పెట్టింది. ఇస్త్రీ చేసి చేసి గట్టిపడిన అరచెయ్యి అది, ఎప్పుడూ వెచ్చగా ఉండేది. "ఇలా పట్టుకుని ఉండు. నువ్వున్నావని వాడికి తెలుస్తుంది." ఇంకో చెయ్యి గుండె మీద పెట్టించింది. వాడు మెడ తిప్పకుండానే తల్లి ముఖం కనబడేట్టు మంచం పక్కన స్టూలు ఎక్కడ వేసుకోవాలో చూపించింది. కాసేపటికి వాడి ఏడుపు వెక్కిళ్లలోకి దిగి, ఆగిపోయింది.

"ట్యూబు తీసిన రోజున వీణ్ణి నా చేతులతో నేనే ఎత్తి నీ ఒళ్లో పెడతాను. సరేనా?" అంది ఉష్షక్క.

"ఒట్టు?"

"ఒట్టు."

ఆ ఒక్క మాట పట్టుకుని ఆ తల్లి నిలబడింది. వాడు రోజుకెన్నిసార్లు చేతులు చాపేవాడో! ప్రతిసారీ ఆమె రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, వంగి చెంపకి చెంప ఆనించి, "కొళాయి తీసేయనీరా, ఊరంతా ఎత్తుకు తిప్పుతా" అనేది. ట్యూబుని వాడు కొళాయి అనేవాడు. "నా తలకి కొళాయి పెట్టారు, మీ తలకి లేదు" అని నన్ను వెక్కిరించేవాడు కూడా, ఓపికున్నప్పుడు. ఉష్షక్క లోపలికి అడుగు పెట్టడం ఆలస్యం, ఆమె కంటే ముందు వాడే పెదాల మీద వేలు పెట్టి "ఉష్" అనేవాడు. ఆమె ముఖం అప్పుడు చూడాలి. గట్టిగా నవ్వితే తన రూలు తనే తప్పినట్టవుతుందని కొంగు నోట్లో కుక్కుకునేది.

ఏడుపు విషయంలోనూ అంతే. ఒకరోజు తల్లి గదిలో వెక్కివెక్కి ఏడుస్తుంటే ఉష్షక్క ఆమె వీపు నిమిరి, "నువ్వేడిస్తే వాడూ ఏడుస్తాడమ్మా. ఈ గదిలో మాత్రం వద్దు" అంది. అంతే, మళ్లీ ఆ గదిలో ఆమె కన్నీటిచుక్క రాల్చలేదు. ఏడుపొస్తే చటుక్కున లేచి వరండా చివర పంపు దగ్గరికి వెళ్లి, నీళ్లు ధారగా వదిలి, ఆ చప్పుడులో ఏడ్చుకుని, ముఖం కడుక్కుని, నవ్వు పెట్టుకుని వచ్చేది.

తర్వాత మంచిరోజు ఒకటి వచ్చింది. తలనొప్పి లేదు, వాంతి లేదు. కంటిపాపలు రెండూ సమానంగా ఉన్నాయి. బుడంకాయ్ నీళ్లడిగి తాగాడు. గోడమీది బల్లిని చూసి దానికి కూడా "ఉష్" అన్నాడు. పెద్ద డాక్టరు రౌండ్స్‌కి వచ్చి చూసి సంతోషపడ్డాడు. ఈ వారంలోనే ఆపరేషన్ పెట్టుకుందామన్నాడు. అప్పుడు వాడు ఆయనకే చేతులు చాపి, "అమ్మని ఎత్తుకోమని చెప్పు" అన్నాడు.

డాక్టరు మెత్తబడ్డాడు. ఉష్షక్క వైపు తిరిగి, "ఏమంటావు సిస్టర్? బాగానే ఉన్నాడుగా. ట్యూబు కాసేపు మూసి, జాగ్రత్తగా తల్లి ఒళ్లో పెడదామా?" అన్నాడు.

నేనప్పుడు అక్కడే మందుల ట్రే పట్టుకుని ఉన్నాను. తల్లి ముఖం వెలిగిపోయింది. చేతులు వాటంతటవే లేచాయి.

ఉష్షక్క పిల్లాణ్ణి చూసింది, ట్యూబుని చూసింది. "ఇన్నాళ్లు ఆగాం, ఇంకొన్నాళ్లు ఆగుదాం సార్" అంది. "ఆపరేషన్ ముంగిట్లో ఏ చిన్న తేడా వచ్చినా మొదటికొస్తుంది. తీరా ఒడ్డుకొచ్చాక ఎందుకు? ట్యూబు తీశాక నేనే పెడతానని మాటిచ్చాను."

డాక్టరు సరేనన్నాడు. ఆ తర్వాత జరిగిందే నాకు ఇప్పటికీ కళ్లముందు కదులుతుంది. లేచిన చేతులు ఆ తల్లే దించేసుకుంది. దించుకుని, పైపెచ్చు గర్వంగా, "అక్క చెప్పినట్టేనండీ. ఇన్నాళ్లు ఉన్నాను, ఇంకొన్నాళ్లు ఉండలేనా?" అంది. పిల్లాడు చాపిన చేతులు అలాగే ఉన్నాయి. ఆమె వంగి చెంప ఆనించింది. వాడు ఆమె జుట్టు పట్టుకుని వదల్లేదు, ఒక్కొక్క వేలూ తీయాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున ఉష్షక్క చెవి దగ్గర వంగి "వెలుతురొస్తోందిరా నాన్నా" అని టార్చి వేసింది. ఒక కంటిపాప చిన్నదైంది. రెండోది కాలేదు, పెద్దగా అలాగే ఉండిపోయింది. పిలిచినా పలకలేదు, గిల్లినా చెయ్యి లాక్కోలేదు. గుండె నెమ్మదించింది. ఆమె బెల్లు నొక్కింది. ఎంతమంది పరిగెత్తుకొచ్చామో! మందులెక్కించాం, గొంతులో గొట్టం వేసి ఊపిరి మిషను పెట్టాం, ట్యూబు చూశాం, స్కాన్‌కి తీసుకెళ్లాం. గడ్డలో రక్తనాళం చిట్లింది. ఎవరి చెయ్యీ లేదందులో. నిద్రలో చిట్లింది. ఎత్తుకున్నా చిట్లేది, ఎత్తుకోకపోయినా చిట్లింది. ఇది నేను పైకి చెబుతున్నానంటే కారణముంది. ఆమె తప్పు చేసిందని ఎవడైనా నా ఎదురుగా అంటే పళ్లు రాలగొడతాను. పుస్తకంలో ఉన్నదే చేసింది. పుస్తకంలో ఉన్నదానికంటే ఎక్కువ జాగ్రత్త పడింది. ఆ ఎక్కువ జాగ్రత్తే ఆమెని తినేసింది.

ఆ తర్వాత చేయగలిగిందంతా చేశారు. వాడు మాత్రం తిరిగి రాలేదు. పరీక్షల మీద పరీక్షలు చేసి, మెదడు పూర్తిగా ఆగిపోయిందని, మిషను ఉన్నంతసేపే ఈ ఊపిరి అని పెద్ద డాక్టరు తల్లినీ తండ్రినీ పిలిచి చెప్పాడు. కబురంది అప్పుడే వచ్చిన తండ్రి డాక్టరు చెయ్యి పట్టుకుని ఇంకోసారి చూడమన్నాడు. తల్లి మాత్రం అన్నిటికీ తలూపి, లేచొచ్చి, స్టూలు మీద కూర్చుని వాడి మడమ కింద మళ్లీ చెయ్యి పెట్టింది. చెప్పింది చెవికి చేరింది గానీ లోపలికి దిగలేదు.

ఉష్షక్క పక్క గది ఖాళీ చేయించింది. వాణ్ణి మంచంతో సహా అక్కడికి మార్చాం. బొమ్మల దుప్పటి ఒకటి తెచ్చింది. పెద్ద కుర్చీ తెచ్చి వేసింది. తల్లి దగ్గరికెళ్లి ముందు నిలబడింది.

"కుర్చీలో కూర్చో అమ్మా. వీణ్ణి నీ ఒళ్లో పెడతాను."

ఆ పిచ్చితల్లి నవ్వింది! "కొళాయి తీసేస్తున్నారా అక్కా?" అంది. అంటూనే ఉష్షక్క ముఖం చూసింది. డాక్టరు అన్ని మాటల్లో చెప్పినా అర్థం కానిది ఆ ముఖంలో అర్థమైంది. స్టూలు మీంచి లేచి గోడ దాకా వెనక్కి నడిచింది. చేతులు రెండూ వెనక్కి కట్టేసుకుంది.

"వద్దు. నేనెత్తుకోను."

"అమ్మా..."

"నేనడిగానా అక్కా? వాడడిగితే కూడా ఎత్తుకోలేదే! ఎత్తుకోకుండా ఉంటే బాగవుతాడన్నావుగా? ఉన్నాగా? ఒక్కసారన్నా ఎత్తుకున్నానా? నువ్వే చూశావుగా!"

ఉష్షక్క ఆమెని గుండెలకి హత్తుకుని, "ఉన్నావమ్మా. ఏ తల్లీ ఉండలేనట్టు ఉన్నావు. నీ తప్పేం లేదు. ఆ రోజు నేనే పెట్టి ఉండాల్సింది. డాక్టరు పెడదామన్నాడు, నేనే వద్దన్నాను" అంది. తనని తాను తప్పుపట్టుకుంటూ ఆమె మాట్లాడటం నేనెప్పుడూ విన్లేదు. వెనక్కి కట్టుకున్న ఆ చేతుల్ని నెమ్మదిగా విడదీసి, కుర్చీలో కూర్చోబెట్టింది.

ట్యూబు మూసింది. ఇక మూయాల్సిన అవసరం లేదు, అయినా మూసింది. నన్ను అటువైపు నిలబడమంది. చెవి దగ్గరికి వంగి, "ఎత్తుతున్నాంరా నాన్నా, అమ్మ దగ్గరికే" అని చెప్పింది. తలా మెడా నడుమూ ఒకే వరసలో, పూలు ఎత్తినట్టు ఎత్తి, వాణ్ణి తల్లి ఎడమవైపు ఆనించింది. ఎటువైపు పెట్టాలో ఎవరూ చెప్పలేదు, ఆమెకి తెలుసు. వాడి తల పాత చోటు వెతుక్కున్నట్టు ఆ చంకలో ఇమిడిపోయింది.

తల్లి వాడి బరువు చూస్తున్నట్టు చేతులు సర్దుకుంది. "బరువయ్యాడక్కా. ఇంట్లో ఉన్నప్పుడు ఇంత లేడు" అంది. దుప్పటి మడత కాలికి గుచ్చుకుంటుందేమోనని అరచేత్తో చదును చేసింది, ఇస్త్రీ చేసినట్టే, ఒకటికి నాలుగుసార్లు. తర్వాత తలెత్తి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"అక్కా, ఇప్పుడు గట్టిగా ఏడవొచ్చా?"

"ఏడువమ్మా" అంది ఉష్షక్క. "ఎంత గట్టిగానైనా ఏడువు."

ఆమె ఏడ్చింది. మా వార్డు అలాంటి ఏడుపు ముందెప్పుడూ వినలేదు. వరండాలో నడుస్తున్నవాళ్లు నడుస్తున్నచోటే ఆగిపోయారు. అంత గట్టిగా ఏడుస్తూ కూడా, ఉలిక్కిపడతాడేమోనని, అరచెయ్యి వాడి చెవికి అడ్డం పెట్టుకునే ఏడ్చింది.